కైరో నడిబొడ్డున పొరుగువాని హక్కు

ఇస్లామీయ నగరాన్ని గురించి పాశ్చాత్య పండితులు వ్రాసిన గ్రంథాలలో ఒక వాదం చాలా కాలం చెలామణి అయింది. యూరప్ నగరానికి స్వయంపాలన సంఘమూ, పౌరహక్కులూ ఉండేవనీ, ముస్లిం నగరానికి అటువంటివి లేవు గనుక అది నిజమైన అర్థంలో నగరం కానేకాదనీ ఆ వాద సారాంశం. మాక్స్ వెబర్ వేసిన ఈ పునాదిపై తరువాతివారు చాలా అంతస్తులు కట్టారు. 1967లో ఐరా లాపిడస్, 1971లో జానెట్ అబూ లుఘోద్, ఆ తరువాత ఆంద్రే రేమోఁ ప్రభృతులు మూలాధారాలను తిరగవేసి ఈ అభిప్రాయాన్ని చాలావరకు సవరించారు. అయినప్పటికీ పాత మొహల్లా అనగానే ఇరుకు సందులు, మురికి, వెనుకబాటుతనం అనే మాటలు మనవారి నోటనే వినవస్తుంటాయి. ఆ సందులలో మనుషులు ఏ విధంగా జీవించారు? ఒకరి హక్కు ఎక్కడ ముగిసి మరొకరి హక్కు ఎక్కడ మొదలయ్యేది? ఆ హద్దును ఎవరు కాపాడారు, ఎవరు చెరిపారు? ఈ ప్రశ్నలకు కైరో నగర మధ్యభాగం వివరమైన సమాధానం ఇస్తుంది.

అందుకు ముఖ్య కారణం తఖీయుద్దీన్ అహ్మద్ మఖ్రీజీ. ఆయన హిజ్రీ 766లో, అనగా 1364లో, కైరో నడిబొడ్డున హారతు బర్జవాన్ అనే పేటలో జన్మించాడు. 1442లో మరణించాడు. కైరో వీధులు, పేటలు, అంగళ్ళు, మస్జిదులు, హమ్మాములు ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలను ‘ఖితత్’ అనే పేరుతో ప్రసిద్ధమైన మహాగ్రంథంలో నమోదు చేశాడు. చరిత్రకారులు సాధారణంగా సుల్తానుల చరిత్ర వ్రాస్తారు. మఖ్రీజీ అది కూడా వ్రాశాడు గాని, తన పేటలో మాంసపు కొట్టు ఎక్కడ ఉండేదో కూడా చరిత్రేనని గుర్తించినవాడు. 1399లో ఆయన కైరోకు ముహ్తసిబ్‌గా, అంటే అంగళ్ళ తూనికలను, ధరలను, వీధుల మర్యాదను పర్యవేక్షించే అధికారిగా నియమితుడైనాడు. కనుక ఆయనకు వీధి సంగతులు పుస్తకాలలో చదివి తెలిసినవి కావు.

ఈ నగరం మొదట సామాన్యుల కొరకు కట్టింది కాదు. 969లో ఫాతిమీ సేనాని జౌహర్ దీనిని ఖలీఫా కొరకు, ఆయన సైన్యం కొరకు నిర్మించాడు. సేనలోని ఒక్కొక్క తెగకు ఒక్కొక్క ‘హారా’ కేటాయించబడింది. జువైలా, కుతామా, రూమ్ మొదలైన పేర్లు అలా వచ్చినవే. ప్రజలు నివసించినది దక్షిణాన ఉన్న ఫుస్తాత్‌లో. 1047లో వచ్చిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రౌ కొత్త నగరంలోని దుకాణాలను దాదాపు ఇరవై వేలుగా అంచనా వేసి, అవన్నీ సుల్తాను ఆస్తి అనీ, నెల అద్దె రెండు దీనార్ల నుండి పది దీనార్ల వరకు ఉండేదనీ చెప్పాడు. ఇండ్ల మధ్య తోటలు ఉండేవట. ఒకరు తమ ఇల్లు పడగొట్టి తిరిగి కట్టుకున్నా పక్కవారి గోడకు దెబ్బ తగలనంత ఎడం ఉండేదట.

ఆ ఎడం కొద్ది తరాలలోనే మాయమైనది. 1171లో సలాహుద్దీన్ ఫాతిమీ పరిపాలనను ముగించిన తరువాత ఖాహిరా ద్వారాలు సామాన్యులకు తెరుచుకున్నవి. రాజప్రాసాదాల స్థలాలలో మద్రసాలు, సరాయిలు, ఇండ్లు లేచినవి. రెండు ప్రాసాదాల నడిమి మైదానం ‘బైనల్ ఖస్రైన్’ అంగడివీధిగా మారింది. స్థలం చాలక ఇండ్లు పైకి పెరిగినవి. ‘రబ్’ అనే అద్దె భవనాలు వచ్చినవి. సుల్తాన్ ఘూరీ 1504–05లో కట్టించిన వకాలా నేటికీ నిలిచి ఉన్నది. దాని క్రింది రెండు అంతస్తులు వర్తకుల సరుకుకు, పై మూడు అంతస్తులు అద్దె కాపురాలకు. క్రింద ఒంటెల మూలుగు, బేరాల గోల. పైన పసిపిల్లల నిద్ర. నగర మధ్యంలో నివాసమంటే అదే.

మనుషులు ఇంత దగ్గరగా బ్రతికేటప్పుడు తగవులు తప్పవు. ఆ తగవుల కొరకే ధర్మశాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయం పుట్టింది. దాని మూలాలు మదీనాలోనే ఉన్నవి. పొరుగువాని విషయమై హజ్రత్ జిబ్రీల్ (అలైహిస్సలాం) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, పొరుగువానికి వారసత్వంలో కూడా వాటా ఇస్తారేమోనని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) భావించారన్న హదీసు మనకు సుపరిచితమే. త్రోవ వెడల్పు గురించి వివాదం వస్తే ఏడు మూరలు విడవాలని మరొక హదీసు. పొరుగువాడు మన గోడలో దూలం నాటుకుంటానంటే కాదనరాదని ఇంకొకటి. ఈ చివరిది విధాయకమా, లేక కేవలం ఉత్తమమా అన్న విషయంలో ఇమాములలో భేదాభిప్రాయం ఉన్నది. ఒక దూలం కోసం మహాపండితులు ఇంత చర్చ చేశారా అని కొందరు నవ్వవచ్చు. ఉమ్మడి గోడ ఉన్న ఇంట్లో కాపురం చేసినవారు నవ్వరు.

హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని తలపెట్టరాదు అన్న సూత్రం నుండి పండితులు కిటికీల వరకు వచ్చారు. తూనిస్‌లో ఇబ్ను ర్రామీ అనే తాపీ మేస్త్రి ఉండేవాడు. ఆయన మరణం 1334లో. ఖాజీ పంపగా వెళ్ళి వివాదంలో ఉన్న గోడలను, ద్వారాలను పరీక్షించి నివేదిక ఇచ్చేవాడు. ఆ అనుభవంతో కట్టడాల న్యాయంపై ఒక గ్రంథమే వ్రాశాడు. పక్కింటి ముంగిలిలోకి చూపు పడే కిటికీ, ఎదుటివారి గుమ్మానికి సూటిగా తెరిచిన తలుపు, కొలిమి పొగ, తోళ్ళ ఊటకుండీల దుర్గంధం, తిరగలి అదురు — ఇవన్నీ అందులో విచారణాంశాలే. చివర మూసుకుపోయిన గొంది విషయం మరీ ఆసక్తికరం. అది రాజుదీ కాదు, అందరిదీ కాదు. అందులో ద్వారాలున్నవారి ఉమ్మడి సొత్తు. కొత్త తలుపు తెరవాలన్నా, అరుగు ముందుకు జరపాలన్నా తక్కినవారి సమ్మతి కావలసిందే. పురపాలక సంఘం లేదని వెబర్ అనుచరులు విచారించిన చోట, గొందికొక సంఘం పేరు లేకుండానే పని చేసింది.

కైరోలో 1265 నుండి నాలుగు మజ్‌హబ్‌లకు నలుగురు ప్రధాన ఖాజీలు ఉండేవారు. సమస్య వచ్చినప్పుడు తనకు అనుకూలమైన అభిప్రాయం గల ఖాజీని వెదుక్కునే వీలు కలిగింది. ఉదాహరణకు ఇల్లు అమ్మకానికి వస్తే మొదట కొనే హక్కు (షుఫ్ఆ) పక్కింటివానికి కూడా ఉన్నదని హనఫీలు అన్నారు. ఉమ్మడి భాగస్తునికే తప్ప పొరుగువానికి లేదని షాఫయీలు, మాలికీలు అన్నారు. ఈ వెసులుబాటు పేదవానికి అప్పుడప్పుడు అక్కరకు వచ్చి ఉంటుంది. బలవంతునికి మాత్రం ఎప్పుడూ అక్కరకు వచ్చింది.

ఇక్కడే మఖ్రీజీ చెప్పిన ఒక ఉదంతాన్ని ప్రస్తావించాలి. ఆయన కాలంలో జమాలుద్దీన్ యూసుఫ్ ఉస్తాదార్ అనే అమీర్ ఉండేవాడు. వక్ఫ్ ఆస్తి అమ్మరాదు, కొనరాదు. కాని శిథిలమై నిరుపయోగమైనప్పుడు దానికి బదులు మరొక ఆస్తి ఇచ్చే పద్ధతి (ఇస్తిబ్దాల్) హనఫీ న్యాయంలో ఉన్నది. జమాలుద్దీన్‌కు ఏ వక్ఫ్ భవనంపై కన్నుపడితే దానిపై ఇద్దరు సాక్షులు సిద్ధమయ్యేవారు. ఈ కట్టడం పొరుగువారికీ, బాటసారులకూ హానికరంగా ఉన్నదని వారు సాక్ష్యమిచ్చేవారు. హనఫీ ప్రధాన ఖాజీ ఇబ్నుల్ అదీమ్ మార్పిడికి తీర్పునిచ్చేవాడు. గమనించండి: పొరుగువానిని రక్షించడానికి పుట్టిన సూత్రమే పొరుగును పడగొట్టడానికి సాధనమైనది! జమాలుద్దీన్ ఆ సొమ్ముతో మద్రసా కట్టించాడు. తుదకు తానే సుల్తాను ఆగ్రహానికి గురై ప్రాణం పోగొట్టుకున్నాడు. మద్రసా మాత్రం మిగిలింది. పుణ్యకార్యం పేరుతో జరిగిన అపహరణను దాచకుండా వ్రాసినందుకు మఖ్రీజీకి మనం ఋణపడి ఉన్నాము.

వక్ఫ్‌పై దెబ్బ ఎందుకు అంత ఘోరమో తెలియాలంటే మొహల్లా రోజువారీ జీవితం చూడాలి. నైలు నీటిని ఒంటెలపై, గాడిదలపై తోలు తిత్తులతో తెచ్చే భిస్తీలే నగరానికి నీటి గొట్టాలు. ఆ నీరు కొనలేని దారినపోయేవాని కొరకు వక్ఫ్ రాబడితో ‘సబీల్’ నడిచేది. దానిపై అంతస్తులో అనాథ బాలలకు ఖుర్ఆన్ చదువు చెప్పే ‘కుత్తాబ్’. 1744లో అబ్దుర్రహ్మాన్ కత్ఖుదా కట్టించిన సబీల్–కుత్తాబ్ బైనల్ ఖస్రైన్ వీధి చీలికలో నేటికీ చూడవచ్చు. 1284–85లో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి కూడా ఈ వీధిలోనిదే. అంగళ్ళ అద్దె రోగి పథ్యంగా, పిల్లవాని పలకగా, దాహార్తుని దోసెడు నీళ్ళుగా మారేది. ఆ అద్దెను ఒక అమీర్ కాజేస్తే ఎండిపోయేది ఒక్క భవనం కాదు.

హారతు బర్జవాన్ అంగడిని గురించి మఖ్రీజీ తన బాల్యజ్ఞాపకం చెప్పాడు. మా పేటవారికి బయటకు పోవలసిన అవసరమే లేదని అప్పట్లో వారు గొప్పలు చెప్పుకునేవారట. హమ్మాములు, రొట్టె భట్టీలు, మాంసం, కూరలు అన్నీ అక్కడే. అయితే 1348 నాటి మహమ్మారి తరువాత జనం తగ్గుతూ వచ్చారు. హిజ్రీ 806లో (1403–04) నైలు పొంగక కరవు వచ్చింది. ఆయన పెద్దవాడయ్యేసరికి ఆ అంగడి పాడుపడింది. కరవుకు నైలు కంటే లంచాలు, పదవుల అమ్మకం, రాగి నాణేల వరద ఎక్కువ కారణమని ఆయన మరొక గ్రంథంలో వాదించాడు.

ఈ మొహల్లాలు ముస్లింలవి మాత్రమే కావు. కోప్టిక్ క్రైస్తవుల మతాధిపతి పీఠం కొన్ని శతాబ్దాలు హారతు జువైలాలో, తరువాత హారతుర్రూమ్‌లో ఉన్నది. యూదుల పేట కూడా అక్కడికి దగ్గరే.

హారాకు ద్వారం, ద్వారానికి కాపలాదారు. రాత్రి తలుపు మూసేవారు, తెలిసినవాడు పిలిస్తే తీసేవారు. 1820, 30లలో అక్కడ నివసించిన ఎడ్వర్డ్ లేన్ ఈ ఏర్పాటును వర్ణించాడు. కాని అంతకు ముందే ఒక దెబ్బ తగిలింది. 1798లో నెపోలియన్ సేన కైరోలో ప్రవేశించిన కొద్ది కాలానికే హారాల తలుపులు ఊడదీయమని ఆజ్ఞ వెలువడింది. ప్రత్యక్షసాక్షి అయిన జబర్తీ దీనిని నమోదు చేశాడు. ఫిరంగి బండ్లకు దారి కావాలి గదా! అక్టోబరులో తిరుగుబాటు జరిగింది. అణచివేతలో సైనికులు గుర్రాలతో అల్ అజ్‌హర్ మస్జిదులోనికి చొరబడ్డారు. ప్రతి ఇంటి ముందు రాత్రి దీపం పెట్టాలని కూడా ఫ్రెంచివారు శాసించారు. వీధికి వెలుగు మంచిదే. తలుపు లేని వీధిలో వెలుగు ఎవరికి పనికివచ్చిందన్నది వేరే ప్రశ్న.

1870లలో ఖదీవ్ ఇస్మాయీల్ కాలంలో పాత నగరం గుండా ముహమ్మద్ అలీ వీధిని సూటిగా కోశారు. అడ్డువచ్చిన ఇండ్లు, మస్జిదులు నేలమట్టమైనవి. సంపన్నులు పడమటి కొత్త పేటలకు తరలిపోగా పాత పేటలలో పేదలు మిగిలారు. హైదరాబాదు వాసులకు ఈ క్రమం కొత్తగా తోచదు. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు చార్మినారు పరిసరాలలో చేసిన మార్పులు, పథ్థర్‌గట్టీ రాతి దుకాణాలు, సంపన్నుల ఉత్తర వలస అదే కోవలోనివి. వరద, ప్లేగు చూసినవారికి విశాలమైన వీధి కావాలనిపించడం తప్పు కాదు. వీధి వెడల్పు చేసినప్పుడు గొందిలోని ఉమ్మడి హక్కుకు పరిహారం ఎవరూ లెక్కగట్టలేదన్నదే నా అభ్యంతరం.

1979లో కైరో పాత నగరం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 1992 అక్టోబరు 12 నాటి భూకంపంలో ఎన్నో భవనాలు బీటలు వారినవి. తరువాత జరిగిన పునరుద్ధరణ చాలాచోట్ల మస్జిదుల ముఖభాగాలను శుభ్రపరచి, వాటి చాటున ఉన్న కాపురాలను మరచింది. బాబు జువైలా ఆవలి దర్బుల్ అహ్మర్ పేటలో మాత్రం, 2005లో అల్ అజ్‌హర్ ఉద్యానం ప్రారంభమైన కాలంలో, ఆగాఖాన్ సంస్థ పాత ప్రాకారంతో బాటు అద్దెకున్నవారి ఇండ్లను కూడా, వారిని ఖాళీ చేయించి పంపివేయకుండానే, బాగుచేయించింది.