సీసంలో పోతపోసిన తెలుగు

తెలుగు అచ్చు తెలుగునేల మీద పుట్టలేదు. మద్రాసులో చాలాకాలం ఉండి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో కొన్ని మతగ్రంథాలను తెలుగు లిపిలో అచ్చువేయించాడు. మొదటి పుస్తకాలన్న గౌరవం వాటికి దక్కింది గాని, ఇక్కడి అచ్చుపనికి దారి వేసినవి అవి కావు.

ఆ దారి పడింది బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో. 1778లో వచ్చిన హాల్హెడ్ బెంగాలీ వ్యాకరణానికి విల్కిన్స్‌తో కలిసి టైపు తయారుచేసిన కమ్మరి పంచానన్ కర్మకార్, తర్వాత శ్రీరాంపూర్‌లోని మిషనరీ విలియం కేరీ దగ్గర చేరాడు. పంచానన్ పోయాక అల్లుడు మనోహర్ ఆ పని నడిపాడు. పని ఇలా సాగేది. ఉక్కు కడ్డీ మొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్కలోకి దిగగొట్టి గుంట తీయాలి. ఆ గుంట మీద సీసం, యాంటిమొనీ, తగరం కలిపి కరిగించి పోస్తే ఒక టైపు తయారవుతుంది. 1812 మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణాలయం తగలబడి టైపులు కరిగి ముద్దలయ్యాయి. అక్షరాలు చెక్కిన ఉక్కు కడ్డీలు, అంటే పంచ్‌లు, మాత్రం మిగిలాయి. ఆ ముద్దలనే మళ్ళీ కరిగించి పోతపోశారు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడినుంచే వెలువడ్డాయి. ఈలోగా 1816లో మద్రాసు కళాశాల ముద్రణాలయంలో క్యాంబెల్ వ్యాకరణం అచ్చయింది.

తెలుగును సీసంలోకి దించడం ఎంత కష్టమో తెలియాలంటే టైపులు పేర్చే కంపోజిటర్ పక్కన నిలబడి చూడాలి. ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి, అంకెలు, గుర్తులు ఉంటే చాలు. మనకు గుడి అక్షరంలోనే కలిసిపోతుంది కనుక కి, గి, ని దేనికది వేరే పోత. కు, పు, ము రాసి చూడండి, కొమ్ము అన్నిచోట్లా ఒకేలా కూర్చోదు. వత్తులు పంక్తి కిందికి దిగుతాయి, వాటికోసం పంక్తుల మధ్య ఎడం పెంచాలి, కాగితం ఎక్కువ పడుతుంది. ఇన్ని టైపులూ కేసుల్లోని చిన్నచిన్న గళ్ళలో ఉంటాయి. ఏ గడిలో ఏది ఉందో చేతికే తెలియాలి. ఎడమచేతిలో స్టిక్ పట్టుకుని తలకిందులుగా ఉన్న అక్షరాలను పేర్చుకుంటూ పోవాలి. పంక్తి చివర సందు మిగిలితే మాటల మధ్య స్పేసులు సర్ది బిగించాలి. వదులైతే మిషను నడుస్తుండగానే టైపు ఊడివస్తుంది. ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కూర్పు) అచ్చయ్యాక ప్రతి టైపూ తిరిగి తన గడికే చేరాలి. ఇక్కడ పొరపడితే వచ్చే పుస్తకంలో తప్పులు వరుసకడతాయి. కొత్తగా చేరిన కుర్రాడికి చాలా ప్రెస్సుల్లో మొదట అప్పగించేది ఈ పనే. పేర్చడం కంటే ముందు విడదీయడం నేర్పిన ఆ పద్ధతి నాకు చాలా తెలివైనదిగా కనిపిస్తుంది.

చదువరి కంటికీ అచ్చు కొత్త అలవాటు చేసింది. తాటాకు మీద ఎడం లేకుండా సాగిన రాత అచ్చులో మాటమాటకూ విడిపోయి, కామా, ఫుల్‌స్టాప్‌లతో నిలబడింది.

1835లో తాత్కాలిక గవర్నర్ జనరల్ మెట్‌కాఫ్ పత్రికల మీద ఆంక్షలు ఎత్తేశాక మద్రాసులో దేశీయుల ముద్రాక్షరశాలలు పెరిగాయి. 1854లో మొదలైన వావిళ్ళ రామస్వామి శాస్త్రుల సంస్థ కావ్యాలను, పురాణాలను పరిష్కరించి సామాన్యుడి ఇంటికి చేర్చింది. పండితుడే ప్రూఫు దిద్దడం వల్ల తెలుగు అచ్చుకు ప్రామాణికత వచ్చిందని నా నమ్మకం. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు దాన్ని మద్రాసులో అచ్చువేయించాల్సి వచ్చింది. అప్పటికి మద్రాసు నుంచి రాజమండ్రికి రైలే లేదు. అంత దూరం నుంచి పత్రిక నడపడం ఎంత ప్రయాసో ఊహించవచ్చు. తర్వాత ఆయన రాజమండ్రిలోనే సొంత ప్రెస్సు పెట్టుకున్నారు. సంఘసంస్కరణకు ఉపన్యాసం ఎంత అవసరమో ప్రెస్సూ అంతే అవసరమని ఆయన గ్రహించారు.

నిజాం రాజ్యంలో ఈ పని ఇంకా కష్టం. అయినా 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చాయి. ఇనుగుర్తి పల్లెటూరు. ఒద్దిరాజు సోదరులు అక్కడ వార్తలు రాయడం, కంపోజ్ చేయడం, అచ్చువేయడం అన్నీ తామే చేసుకున్నారు. తెలుగు అచ్చు చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక హైదరాబాదులో మొదలైంది.

ఆఫ్‌సెట్, డీటీపీ వచ్చాక కేసులు మూలపడ్డాయి, టైపు సీసం ధరకు అమ్ముడుపోయింది. మిగిలిన ట్రెడిల్ మిషన్లు బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికి పనికివచ్చాయి. 2024 వరకు అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు వేయాల్సి ఉండేది. అందుకే ఏ పాత పుస్తకం తెరిచినా ఏ ప్రెస్సులో అచ్చయిందో తెలుస్తుంది. ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చిన కంపోజిటర్ పేరు వేయమని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.