రొటుండా డాక్టరు గారు చెప్పిన మాట

మా రెండో పాప డబ్లిన్ లోని రొటుండా ఆసుపత్రిలో పుట్టింది. పురిటి సాయానికి తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ, మేము చెకప్పులకి పరిగెత్తడం చూసి నవ్వేది. “తొలిచూలుకి భయపడాలి గానీ, రెండోదానికి ఇంత హడావిడి ఏమిట్రా?” అనేది. మన ఇళ్ళలో అందరూ అనే మాటే అది. తొలి కాన్పుకి సీమంతం చేస్తారు, పుట్టింటికి తీసుకెళతారు. అదే నాలుగో కాన్పుకైతే, నొప్పులు వచ్చేదాకా ఆ తల్లి పొయ్యి దగ్గరే ఉండేది.

ఆ మాట తప్పని 1934లోనే గట్టిగా చెప్పిన డాక్టరు ఒకాయన అదే రొటుండాకి పెద్దగా పనిచేశారు. ఆయన పేరు బెథెల్ సాలమన్స్. నేను కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాణ్ణే గానీ వైద్యుణ్ణి కాను. ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లో ఆ ఆసుపత్రి చరిత్ర చదవడం మొదలుపెడితే ఈయన తారసపడ్డారు.

పేద తల్లుల కోసం బార్తొలొమ్యూ మాస్ అనే వైద్యుడు 1745లో ఈ ప్రసూతి ఆసుపత్రిని స్థాపించాడు. 1757లో ఇప్పుడున్న భవనంలోకి మారింది. దీని అధిపతిని ‘మాస్టర్’ అంటారు. వైద్యమూ, పరిపాలనా రెండూ ఆయన చేతిలోనే ఉంటాయి. పదవీకాలం ఏడేళ్ళు.

సాలమన్స్ 1885లో డబ్లిన్ లోనే ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిది కళ్ళద్దాల దుకాణం. అక్క ఎస్టెల్లా పేరున్న చిత్రకారిణి. ఐర్లండు స్వాతంత్ర్య పోరాటంలో తన స్టూడియోలో ఉద్యమకారులకి ఆశ్రయమిచ్చింది. తమ్ముడేమో ట్రినిటీ కాలేజీలో వైద్యం చదువుతూ రగ్బీలో పేరు తెచ్చుకున్నాడు. 1908 నుంచి 1910 వరకు ఐర్లండు జట్టు తరఫున 10 మ్యాచ్ లు ఆడాడు. పద్నాలుగు మంది ప్రొటెస్టంట్లు, ఒక యూదుడు కలిస్తే అది ఐర్లండు జట్టెలా అవుతుందని ఒక బండివాడు వెక్కిరించాడని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో 1926లో ఆయన రొటుండా మాస్టర్ అయ్యారు. ఆ పదవి ఒక యూదుడికి దక్కడం అదే మొదటిసారి. 1933 దాకా ఆ బాధ్యత మోశారు.

పదవి దిగిన మరుసటి ఏడు, ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ‘ది డేంజరస్ మల్టీపారా’ అనే వ్యాసం రాశారు. మల్టీపారా అంటే పలు కాన్పులైన తల్లి. మొదటి కాన్పు కష్టం, తర్వాతివి సులువు అనే నమ్మకాన్ని డాక్టర్లు మనసులోంచి తీసేయాలని ఆయన వాదన. కాన్పుల సంఖ్య బాగా పెరిగాక తల్లి ప్రాణానికి ముప్పు కూడా పెరుగుతుంది. సాగిసాగి పట్టు తగ్గిన గర్భసంచి కాన్పు తర్వాత సరిగా ముడుచుకోదు, రక్తం ఆగదు. బిడ్డ అడ్డం తిరగవచ్చు. ఒక్కోసారి గర్భసంచే చిట్లవచ్చు. వెంటవెంట కాన్పులతో రక్తహీనత ఉంటే చిన్న రక్తస్రావాన్ని కూడా ఒళ్ళు తట్టుకోలేదు.

ఐర్లండులో అప్పుడు ఎనిమిది, పది మంది పిల్లలున్న ఇళ్ళు మామూలే. గర్భనిరోధం గురించి ప్రచారం చేసే పుస్తకాలని 1929 చట్టం నిషేధించింది. ఆ సాధనాల అమ్మకాన్నీ, దిగుమతినీ 1935 చట్టం ఆపేసింది. 1979లో గానీ ఆ చట్టం సడలలేదు. అంటే, ఆయన ఎవరి ప్రమాదం గురించి రాశారో ఆ తల్లులకి వేరే దారే లేదు.

ఇది చదువుతుంటే నాకు మా తాతగారి చెల్లెలు గుర్తొచ్చారు. 1950లలో ఏడో కాన్పులో రక్తం ఆగక పోయారు. “ఆరూ సులువుగా అయ్యాయి, ఏడోది ఇలా అవుతుందని ఎవరనుకున్నారు?” అని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. అనుకున్నవాడు ఒకడున్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళ ముందే రాసిపెట్టాడు కూడా. ఆ కబురు మా పల్లెలో మంత్రసాని దాకా రాలేదు, అంతే. అమ్మకి ఇదంతా చెబితే కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి చెకప్పులకి తనే ముందు చెప్పులు వేసుకునేది.

సాలమన్స్ 1946 నుంచి 1948 వరకు ఐర్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అధ్యక్షులుగా ఉన్నారు. 1956లో ఆత్మకథ ప్రచురించారు. జేమ్స్ జాయిస్ తన ‘ఫినెగాన్స్ వేక్’లో ఆయన పేరునీ రొటుండానీ కలిపి చమత్కరించాడు. 1965లో కన్నుమూశారు.

నేడు మంచి వైద్యం అందితే ఆ ముప్పు చాలావరకు తగ్గింది. కానీ “ఇది మొదటిది కాదుగా” అనే మాట మన ఇళ్ళలోంచి ఇంకా పోలేదు. కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అని మనవాళ్ళే అన్నారు. ఆ మాట ఒక్క తొలి కాన్పు గురించే కాదు. ఈ సభల నుంచి ఇంటికి వెళ్ళాక, మీ ఇంట్లో రెండోసారో మూడోసారో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే, తొలిచూలుకి చూసినంత శ్రద్ధగా చూడండి.