కొత్తవాడలో పార్వతి

చెప్పులు గడప బయటే వదిలి, తల వంచి లోపలికి రండి. కొత్తవాడలో ఈ పాత ఇంటి ద్వారబంధం పొట్టిది. ఎడమపక్క చూసుకుని నడవండి, మగ్గం గుంట ఉంది. అందులోకి కాళ్లు దించుకుని కూర్చున్న తాతకు ఎనభై దాటాయి. ఆయన ముందు ఎర్రపట్టీ అయిపోయి నీలం పట్టీ మొదలైన జంపఖానా. పేక పోగు దూర్చి, ఇనప పంజాతో దిగ్గొడుతున్నాడు. దబ్. దబ్. "కూసోండ్రి" అంటాడు, తల ఎత్తడు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా తాతా అంటే ఓ నవ్వు నవ్వి మళ్లీ పంజా అందుకుంటాడు.

మనం వచ్చింది లోపలి గదికి. అక్కడ అవ్వ కండెలు చుట్టుకుంటూ టీవీ ముందు కూర్చుంది. మనవడు ఫోను కలిపి "దేవదాసు" పెట్టాడు. 1953 జూన్‌లో వచ్చిన సినిమా; వినోదా వారిది, వేదాంతం రాఘవయ్య దర్శకత్వం. బొమ్మ మీద గీతలున్నాయి, మాట అక్కడక్కడ గరగరమంటోంది. అవ్వకు అదేం పట్టదు. మాట రాకముందే ఆమె పెదవులు కదులుతున్నాయి.

"ఇగో, ఇప్పుడు సూడు" అంటుంది. అర్ధరాత్రి. పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి వచ్చింది. ఎవరైనా చూస్తే బతుకేం కావాలి? ఆ భయం సావిత్రి ముఖంలో వెతకండి, దొరకదు. అడగాల్సింది అడగడానికే వచ్చిన పిల్ల ముఖం అది. భయమంతా మంచం మీద లేచి కూర్చున్న అక్కినేని కళ్లలో ఉంది. శరత్ నవల 1917 నాటిది. బరువా, సైగల్, తర్వాత 1955లో దిలీప్ కుమార్, ఎందరో దేవదాసులయ్యారు. ఆ రాత్రి దేవదాసు పిరికివాడన్న సంగతిని దాచిపెట్టకుండా ఒప్పుకున్నది మాత్రం అక్కినేనే అనిపిస్తుంది నాకు. ఇది నా లెక్క, మీరు కాదనొచ్చు.

పక్కగదిలోంచి దబ్, దబ్.

కథ పట్నం చేరింది. చంద్రముఖిగా లలిత. సీసా వచ్చింది, గ్లాసు వచ్చింది. మనవడికి ఇక్కడే హుషారు. వాడు చూసిన తాగుబోతులంతా తూలి, అరిచి, గోడకు గుద్దుకునేవాళ్లు. అక్కినేని తూలడం తక్కువ. రెప్పలు బరువెక్కుతాయి, అంతే. మాట నోట్లోంచి బయటికి రావడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది, ఆ క్షణంలోనే మనిషి ఎంత దూరం పోయాడో తెలిసిపోతుంది. ఆ సన్నివేశాలు రాత్రిళ్లు తీశారనీ, పెరుగన్నం దండిగా తిని ఆ మత్తుతో కెమెరా ముందుకు వచ్చేవాణ్ననీ ఆయనే తర్వాత చెప్పుకున్నారు. పెరుగన్నం సంగతి వినగానే అవ్వ పకపకా నవ్వి, "మా ఇంట్ల రోజూ దేవదాసే అయితే" అని మగ్గం వైపు చూసింది.

తాగుడు మీద అమెరికావాళ్లూ గొప్ప సినిమా తీశారు, 1945లో. "ది లాస్ట్ వీకెండ్". అందులో వేసిన రే మిలాండ్‌కు ఆస్కార్ వచ్చింది. దాచిన సీసా ఎక్కడుందో మరిచిపోయి ఇల్లంతా తిరగేస్తాడు, చివరికి పైకప్పు దీపంలో దాని నీడ కనిపిస్తుంది. రచయిత అతను, తాగడానికి డబ్బుల్లేక టైపు మిషను కుదువ పెట్టబోతాడు. న్యూయార్క్ వీధుల్లో మోసుకుంటూ తిరుగుతాడు. ఆ రోజు యూదుల పండుగ, కుదువ దుకాణాలన్నీ మూసి ఉంటాయి. ఈ ముక్క ఇంతకుముందోసారి తాతకు చెప్పాను. ఆయన పంజా పట్టుకున్న చెయ్యి ఆపి, "పనిముట్టు కుదువ పెట్టేటోడు మనిషెట్ల గావాలె?" అన్నాడు. దేవదాసు దగ్గర కుదువ పెట్టడానికి పనిముట్టే లేదు. జమీందారు కొడుకు. మిలాండ్‌కు సీసాయే కథ. ఇతనికి సీసా, ఎటూ పోలేక కూలబడ్డ చోటు.

ఘంటసాల పాట మొదలైంది. మీరూ నేనూ మాటలు ఆపాం, ఎవరూ చెప్పకుండానే. బాణీ కట్టిన సుబ్బరామన్ ఈ సినిమా తెర మీద చూడలేదు, 1952లోనే పోయాడు. ముప్ఫై నిండలేదు.

అవ్వ ఎదురుచూస్తున్న ఘట్టం వేరే ఉంది. పార్వతి పెళ్లయిపోయింది. మొగుడు సీఎస్సార్, వయసు మళ్లిన జమీందారు. తన ఈడు పిల్లలకు ఈమె తల్లి. తీసేటప్పటికి సావిత్రికి ఇరవై నిండలేదు. మెట్లు దిగుతోంది, నౌకర్లకు ఏదో పురమాయిస్తోంది, పిల్లల మంచిచెడ్డలు కనుక్కుంటోంది. గట్టిగా ఒక్క మాట లేదు, ఒక్క కన్నీటి చుక్క లేదు. "సూస్తున్నవా? ఇంటి పెద్దమనిషి లెక్క ఎట్ల నడుస్తుందో. లోపల ఆ పిల్ల ఎప్పుడో సచ్చిపోయింది" అంది అవ్వ. చేతిలో కండె తిరగడం ఆగింది. "మా అత్తగారింటికచ్చినప్పుడు నాకు పద్నాలుగు. గిట్లనే నడిచిన."

నేనేమీ అనలేదు. మీరూ అనకండి. సినిమా పేరు దేవదాసు కావచ్చు గానీ ఈ గదిలో ఆడుతున్నది పార్వతి సినిమా.

చివరికి వచ్చాం. ప్రాణం పోయేలోపు ఒక్కసారి గుమ్మం దాకా వస్తానని మాటిచ్చాడు కదా. బండిలో వస్తున్నాడు. చీకటి. అక్కినేని ముఖంలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. కెమెరా పట్టిన బి.ఎస్. రంగా ఆ బుగ్గల గుంటల్లో నీడను అలాగే వదిలేశాడు. మనవడికి విసుగొచ్చి ఫోను మీద వేలు పెట్టాడు.

"ఉరికియ్యకు! గడప కాడికి రానియ్యి."

తాత ఈ భాగం చూడడు, ఎన్నడూ చూడలేదట. సినిమా సగమైనప్పుడు ఒకసారి లోపలికొచ్చి మంచినీళ్లు తాగి, మళ్లీ గుంటలోకి దిగాడు. అప్పట్నించీ ఆ దబ్ దబ్ వింటూనే ఉన్నాం, ఇంటి గడియారంలా అలవాటైపోయి గుర్తే లేదు. బండి గుమ్మం ముందు ఆగింది. లోపల ఎక్కడో పార్వతి తలెత్తింది, పరుగు అందుకుంది. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పక్కగదిలో పంజా చప్పుడు ఆగింది.