కిందపడ్డోనికే గోల్డ్

నారాయణగూడ మెట్రో స్టేషన్ కింది హారన్ల మోత దాటి హిమాయత్‌నగర్ వైపు సందులోకి తిరగండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్లు తీసేసిన చోట నీలం మ్యాట్లు పరిచి ఉన్నాయి. అతుకుల మధ్య సందులో బొటనవేలు ఇరుక్కోని పిల్లాడు ఈ కరాటే క్లాసులో లేడు. చెప్పులు బయటే విడిచి, స్తంభం దగ్గర అమ్మల పక్కన కూచోండి.

క్లాసు మొదలవలేదింకా. ఎల్లో బెల్టు పిల్లలు నలుగురు ఒకే ఫోన్ మీదికి వంగారు. ఇనుప జాలీలో ఒకడు కాలెత్తాడు, రెండోవాడు కుప్పకూలాడు. వేలు పైకి జరిపితే ఇంకొకడు కూలాడు. అమెరికాలో 2005లో మొదలైన ‘ది అల్టిమేట్ ఫైటర్’ అనే ఇలాంటి జాలీ ఫైట్ల షోలో ఫైటర్లంతా ఒకే ఇంట్లో వారాల తరబడి ఉండి ట్రైనింగ్ చేస్తారు. అలాంటివి ఫోన్లోకి దిగేసరికి మిగిలేది ఆఖరి తన్నే. దెబ్బతో నాకు పేచీ లేదు, ఈ కత్తిరింపుతోనే. (తెర మీద చూసింది చేసెయ్యడంలో మేమేం తక్కువ? 1999లో ‘తమ్ముడు’లో పవన్ కల్యాణ్ చేతివేళ్ల మీదుగా కారు పోనిచ్చుకుంటే, ఇంటికెళ్లి సైకిలుతో ప్రయత్నించిన తరం మాది.)

“సార్, గీ కిక్ నేర్పుండ్రి!”

మాస్టారు తన ఫోన్ తీశారు. 2021 ఆగస్టు 7, టోక్యో ఒలింపిక్స్, 75 కిలోల పైబడినవాళ్ల కరాటే ఫైనల్. సౌదీ ఆటగాడు తారెగ్ హమెదీ 4–1తో ముందున్నాడు. అతని కాలు లేచి ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే మెడకు తగిలింది. గంజ్‌జాదే లేవలేదు. స్ట్రెచర్ వచ్చింది.

“గోల్డ్ ఎవనికి?”

“కొట్టినోనికే సార్!”

“కాదు. స్ట్రెచర్ మీదున్నోనికి.”

“గదేంది సార్? నాకౌట్ జేసిండు గద!”

ఆ పోటీలో తలకు కాలు అదుపులో తాకిస్తే మూడు పాయింట్లు, అంతకు మించి దేనికీ లేవు. అదే కాలు అదుపు తప్పితే మ్యాచే పోవచ్చు, హమెదీకి పోయినట్టు. జాలీలోనైతే ఆ దెబ్బకే చప్పట్లు. ఏ ఆట రూలు దానిదే. ఆ తేడా చెప్పేంత తీరిక ముప్పై సెకన్ల వీడియోకెక్కడిది?

జతలు కట్టారు. ఒకమ్మాయి కాలు గిర్రున తిరిగి, ఎదుటి పిల్ల చెంపకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆ పిల్ల రెప్ప కూడా వెయ్యలేదు. మాస్టారు తలూపారు. తర్వాత ఫోన్ కుర్రాడు. కాలు ఆగలేదు, చెవి దగ్గర చప్‌మంది.

“సారీ రా.”

“పర్వాలే,” చెవి రుద్దుకుంటూ అవతలివాడు బెల్టు బిగించుకున్నాడు. “ఇగ నా వంతు.”