బేగం గారి బొమ్మరిల్లు

మొన్న మా అమ్మాయి పోరు పడలేక నిజాంపేట నుంచి జె.ఎన్.టి.యు. దాకా ఆటోలో వచ్చి, మెట్రో ఎక్కి కోఠీ వెళ్ళాం. నేను బి.ఏ. చదివిన మహిళా కళాశాల చూపించాలిట.

1949లో కాలేజీ అక్కడికొచ్చింది గానీ, అంతకుముందు అది బ్రిటిష్ రెసిడెన్సీ. ఆ మాటకొస్తే, ఓ సంసారం సాగిన ఇల్లు. 1803 ప్రాంతాల్లో దాన్ని కట్టించిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ మన హైదరాబాదు అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళాడాడు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. ఆ ఏడే ఆయనా పోయాడు. పిల్లలు మళ్ళీ తల్లి కంటపడలేదు!

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రోహిల్లాలతో వచ్చిపడ్డారు. ఎదురుగా ఉన్న షావుకార్ల మేడలెక్కి రాత్రంతా కాల్పులు. తెల్లారేసరికి వెనక్కి తగ్గక తప్పలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ని 1859లో చంపేశారు. మౌల్వీని అండమాన్ పంపారు.

భవనం నిలిచింది. బేగం ఉన్న రంగమహల్‌ని మాత్రం తర్వాత దొరలే పడగొట్టించారు. ఆడవాళ్ళ వాటా ఎవరికి కావాలి!

మా రోజుల్లో పెచ్చులూడుతుండే దర్బారు హాలు ఇప్పుడు కళకళలాడుతోంది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ పూనికతో బాగుచేసి 2023 జనవరిలో తెరిచారు. వెనక తోటలో ఆ భవనానికే చిన్న నమూనా ఉంది. పరదా దాటి ముందువైపు చూడలేని బేగం కోసం ఆయన కట్టించాడట.

మా అమ్మాయి దాని ముందు గొంతుక్కూర్చుంది.

"ఇంత పెద్దింట్లో ఆవిడకిచ్చింది ఇదేనా అమ్మా?"