వెస్ట్‌పోర్ట్ చుట్టూ నడకదారులు: రైతు సరేనంటేనే బాట

చదువులకు, ఉద్యోగాలకు ఐర్లండ్ వెళ్ళిన పిల్లల దగ్గరికి మన ఇళ్ళ పెద్దలు కూడా వెళ్ళి వస్తున్నారు. డబ్లిన్‌లో నాలుగు రోజులు తిరిగాక ఇంకేం చూడాలని అడిగేవారికి మేము చెప్పేది వెస్ట్‌పోర్ట్. పశ్చిమ తీరంలో, మేయో కౌంటీలో ఉన్న చిన్న ఊరు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైల్లో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. ఊరి మధ్య కారోబెగ్ అనే ఏరు, రెండు ఒడ్డులా చెట్లు, కాస్త దూరంలో చిన్న చిన్న దీవులతో నిండిన క్లూ బే అఖాతం.

ఇక్కడ అందరికీ వీలైన దారి గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే. వెస్ట్‌పోర్ట్‌లో మొదలై న్యూపోర్ట్, మల్రనీ మీదుగా అకిల్ దాకా సుమారు 42 కిలోమీటర్లు. ఇది ఒకప్పటి రైలుమార్గం. అకిల్ దాకా రైలు 1895లో వచ్చింది, 1937లో ఆగిపోయింది. రైలు కోసం చదును చేసిన నేల కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు, మోకాళ్ళ నొప్పులున్నవారూ నెమ్మదిగా నడవవచ్చు. మొత్తం నడవనక్కర్లేదు. న్యూపోర్ట్‌లో ఏటి మీద ఏడు కమానుల పాత రైలు వంతెన చూసి వెనక్కి వచ్చినా చాలు. సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. ఓపిక ఉంటే న్యూపోర్ట్–మల్రనీ భాగం చూడండి. అక్కడ ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం.

రైలు పోయాక ఈ నేల చాలావరకు రైతుల పొలాల్లో కలిసిపోయింది. గ్రీన్‌వే వేసినప్పుడు భూమిని బలవంతంగా తీసుకోలేదు. రైతులు నడవనిస్తామని ఒప్పుకున్నారు, అంతే. ఇంగ్లండ్‌లోనూ స్కాట్లండ్‌లోనూ ఉన్నట్టు పొలాల మీదుగా, కొండల మీదుగా నడిచే విస్తృతమైన హక్కు ఐర్లండ్‌లో లేదు. యజమాని వద్దంటే దారి మూతపడుతుంది. అందుకే 2008 నుంచి ప్రభుత్వం 'వాక్స్ స్కీమ్' కింద, కొన్ని గుర్తింపు పొందిన దారుల మీద బాట బాగుచేసే పనికి రైతులకు డబ్బు ఇస్తోంది. గొర్రెలు మేసే చోట కుక్కను వదిలితే, తెరిచిన గేటు మూయకుండా పోతే నష్టం ఆ రైతుది. తర్వాత వచ్చేవారికి దారి దొరక్కపోవచ్చు.

ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మురిస్క్ దగ్గర క్రో పాట్రిక్ కొండ మొదలవుతుంది. ఎత్తు 764 మీటర్లు. సెయింట్ పాట్రిక్ దీని మీద నలభై రోజులు ఉపవాసం ఉన్నాడని అక్కడివారి నమ్మకం. ఏటా జూలై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండానే. శిఖరం మీద 1905లో కట్టిన చిన్న చర్చి ఉంది. పై భాగం నిట్టనిలువుగా, రాళ్ళు జారుతూ ఉంటుంది. దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. గుండె, మోకాలి ఇబ్బందులున్నవారు కింద నుంచే చూడడం మంచిది. కొండ కిందే మహాక్షామ స్మారకం ఉంది: అస్థిపంజరాలు తాళ్ళుగా వేలాడే ఓడ శిల్పం, 1997లో నిలిపారు.

ఆ క్షామం గుర్తు ఇంకో దారి మీద మరింత బరువుగా ఉంటుంది. 1849 మార్చిలో లూయీబర్గ్‌లో ఆకలితో ఉన్న వందలమందిని, సహాయానికి అర్హులో కాదో చూడడానికి డెల్ఫీ లాడ్జికి రమ్మన్నారు. చలిలో కొండదారిన నడిచి వెళ్ళినవారు ఒట్టి చేతులతో తిరిగి వచ్చారు. దారిలోనే చాలామంది చనిపోయారు. ఎంతమందన్న లెక్క మీద ఇప్పటికీ వాదం ఉంది. డూలఖ్ సరస్సు పక్కన స్మారక శిల ఉంది. ఏటా ఈ దారిన ఒక స్మారక నడక జరుగుతుంది. తమ నేల నుంచి తామే తరిమివేయబడిన అమెరికా చోక్టా జనం 1847లో ఐరిష్ క్షామానికి డబ్బు పంపారు, ఆ బంధాన్నీ ఈ నడకలో తలుచుకుంటారు. మామూలు రోజుల్లో ఇది సన్నని తారురోడ్డు, కాలిబాట లేదు. వచ్చే వాహనానికి ఎదురుగా, కుడి పక్కన నడవాలి.

ఇక సామాన్ల సంగతి. గొడుగు అక్కడి గాలికి నిలవదు, వానకోటు కావాలి. చీరకట్టులో కొండ ఎక్కవద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. జాతీయ నడకదారుల మీద నల్లటి గుంజలకు పసుపు రంగు మనిషి బొమ్మ, బాణం గుర్తు కనిపిస్తాయి. ఆపదలో 112కి గానీ 999కి గానీ ఫోన్ చేసి కొండ రక్షక దళం కావాలని చెప్పాలి. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదుకే చీకటి పడిపోతుంది, ఆ నెలలో వెళ్తే మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి తిరగండి.