మచిలీపట్నం నౌకాయుద్ధం

మచిలీపట్నం నౌకాయుద్ధం మూడవ ఆంగ్ల-డచ్చి యుద్ధకాలంలో (1672–1674), 1673 సెప్టెంబరు 1న ఆంధ్ర తీరానికి చేరువలో జరిగింది. దీనికి పెద్దపల్లి (నేటి నిజాంపట్నం) యుద్ధమని కూడా పేరు.

నేపథ్యం: గోల్కొండ సుల్తానుల రేవైన మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరాలు నెలకొల్పారు. ఇక్కడ కొన్న నూలుబట్టలను తూర్పు దీవులకు పంపి, వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు పొందేవారు. అందువలన ఐరోపాలో పుట్టిన వైరం ఈ తీరానికీ పాకింది.

యుద్ధం: డచ్చి కంపెనీ 13 ఓడలకు కొర్నేలిస్ వాన్ క్వాల్‌బర్గన్, ఆంగ్ల కంపెనీ 10 ఓడలకు విలియం బాస్ నాయకత్వం వహించారు. ఆంగ్లేయుల ఓడ ఒకటి మునిగిపోగా, రెండు డచ్చివారికి చిక్కాయి.

ఫలితం: డచ్చివారు గెలిచినా ఆంగ్లేయుల వర్తకం ఈ తీరాన అంతరించలేదు. 1674 ఫిబ్రవరిలో వెస్ట్‌మినిస్టర్ సంధితో యుద్ధం ముగిసింది. మచిలీపట్నంలోని డచ్చి సమాధులు నాటి వర్తకులకు గుర్తుగా నిలిచి ఉన్నాయి.